తెర అంచున కొలువు

కంప్యూటరు తెర అంచున నిలిచే బొమ్మల వరుసకు ‘డాక్’ అని పేరు. స్టీవ్ జాబ్స్ నెలకొల్పిన నెక్స్ట్ సంస్థ 1989లో దానిని కుడి అంచున నిలిపింది. 2001లో ఆపిల్ వారి మాక్ ఓఎస్ టెన్‌లో అది అడుగుకు దిగింది. విండోస్ 95 టాస్క్‌బార్ ప్రధానంగా తెరచిన విండోలను చూపేది. డాక్‌లోనో, నడుస్తున్న పనీ, పిలుపుకై వేచిన పనీ పక్కపక్కనే ఉంటాయి. 2009లో విండోస్ 7 సైతం ఈ బాట పట్టింది.

అంచే ఎందుకు? మౌస్ బాణం అంచు దాటిపోదు. గురి తప్పే భయం తక్కువ. నేటి తెరలకు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. పట్టీని పక్కకు జరిపితే చదివే పుటకు మరికొన్ని పంక్తులు దక్కుతాయి. ఈ సదుపాయాన్నే, 2021లో వెలువడిన విండోస్ 11 తొలగించింది. అప్పట్లో పట్టీ అడుగునే ఉండవలెనన్నారు! కూర్చొని చదివేది మనమైనప్పుడు ఆ పట్టుదల వారికెందుకో? లైనక్స్‌పై కేడీఈ వాడేవారు మాత్రం దానిని కోరిన అంచుకు జరుపుతారు, నిడివి కుదించి డాక్‌గా మలచుకుంటారు, చదువుకొనే వేళ కనబడకుండా దాచివేస్తారు.