కళాశాలనుండి కాశీవీథికి: దుర్గాఖోటే కథ

హరిశ్చంద్రోపాఖ్యానము నెఱుగని తెలుగు గృహిణి యుండదు. గౌరన ద్విపదను చదివించుకొని వినినవారు కొందఱు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి నాటకమును రాత్రియెల్ల మేలుకొని చూచినవారు మఱికొందఱు. ఎక్కడ వినినను, ఎక్కడ చూచినను, కాశీవీథిలో మగడు ఆలికి వెలకట్టు ఘట్టము వచ్చుసరికి మన కన్నులు చెమర్చును. కొడుకు చేయి పట్టుకొని పరాయియింటి దాస్యమునకు నడచిపోయిన యా చంద్రమతిని మనము పతివ్రతాశిరోమణియని కొనియాడుదుము. ఆ వేషమును దాల్చుటకు ఇల్లు వెడలి వచ్చిన స్త్రీని మాత్రము ఒకప్పుడు లోకము వేఱొక పేరుతో పిలిచినది. సోదరీమణులారా, నేడు నేను చెప్పబూనినది అట్టి యొక స్త్రీ కథ.

మహారాష్ట్రులు చంద్రమతిని తారామతి యందురు. దాదాసాహెబు ఫాల్కే "రాజా హరిశ్చంద్ర" యను మూగచిత్రమును తీసి 1913 మే 3వ తేదీన బొంబాయిలో ప్రదర్శించెను. తారామతి వేషమునకు ఆడువారు కావలెనని ఆయన పత్రికలలో ప్రకటించెను. తగినవారెవ్వరును రాలేదు. వేశ్యావాటికలకు బోయి యడిగినను, వారును ఒప్పుకొనలేదట! తుదకు భోజనశాలలో పనిచేయుచుండిన సాళుంకే యను చిన్నవానికి చీర కట్టించి రాణిని చేయవలసి వచ్చెను. ఫాల్కేగారి తరువాతి చిత్రములో కమలాబాయి గోఖలే తల్లితో కూడ నటించినది గనుక, తెరమీదికి వచ్చిన తొలి స్త్రీ నేను చెప్పబోవు నామె కాదు. నాటకములాడు కుటుంబములనుండియు, సంగీతమే జీవికగా గల యిండ్లనుండియు కొందఱు వచ్చుచునేయుండిరి. పెద్దింటి పిల్ల, ఆంగ్లవిద్య నేర్చిన పిల్ల, కోడలై బిడ్డలను గన్న ఇల్లాలు వచ్చుట మాత్రము ఊహకందని మాటగా నుండెను.

దుర్గాబాయి ఖోటే 1905 జనవరి 14వ తేదీన జన్మించెను. (దుర్గాబాయి యనగానే మన దుర్గాబాయి దేశముఖుగారు మనస్సునకు వత్తురు, వీరు వేఱు.) తండ్రి పాండురంగ లాడ్ బొంబాయిలో పేరుమోసిన సొలిసిటరు. కలిగిన యిల్లు. చిన్ననాట కేథడ్రల్ పాఠశాలలోను, పిమ్మట సెయింట్ జేవియర్ కళాశాలలోను ఆమె చదివెను. ఆ కాలమున ఆడుపిల్ల బి.ఏ. తరగతిలో కూర్చుండుట యెంత యరుదో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆమెకు నాటకశాలతో పొత్తులేదు. సంగీతమును వృత్తిగా నేర్చినదియు గాదు. పుస్తకములు చేతబట్టి కళాశాలకు పోవుచున్న ఆ పిల్లను చూచి, ఈమె యొకనాడు ముఖమునకు రంగు పూసికొని దీపముల వేడిలో నిలువబడునని ఎవ్వరును తలచియుండరు. ఆమెయు తలచియుండదు.

చదువు సాగుచుండగనే పెండ్లి యయ్యెను. అత్తవారు ఖోటేలు, వారును సంపన్నులే, చదివినవారే, కాని ఆచారపరులు. భర్త విశ్వనాథ ఖోటే ఇంజనీరు. ఇద్దఱు కుమారులు కలిగిరి. సామాన్యముగా మన కథలు ఇక్కడ ముగియును గదా! ఈమె కథ ఇక్కడనే మొదలైనది. కొలది యేండ్లలో అత్తవారి సిరి కరిగిపోయెను. నౌకరులతో, బండ్లతో తులతూగిన యింటికి నెలసరి ఖర్చు గడచుటయే గండమైనది. చదివిన స్త్రీకి గౌరవముగా తోచిన దారి యొక్కటే: పిల్లలకు ఇంటియొద్ద చదువు చెప్పుట. దుర్గాబాయి మొదట ఆ పనియే చేసెను.

ఈ చోట నేను నా యనుభవమును చెప్పక తప్పదు. మాయింటివారు ఉపాధ్యాయులు. సాయంకాలములందు మా వరండాలో పిల్లలు చేరి ఎక్కములు వల్లించుచుందురు. ఆ చదువులవలన వచ్చు సొమ్ము కూరగాయలకు చాలును, ఒక్కొక్క నెల పాలకును చాలును. అప్పు తీర్చుటకు చాలదు. జీతము తప్పక వచ్చు మాకే యిట్లుండగా, జీతమే లేని యింట ఇరువురు బిడ్డలను అట్టి రాబడితో పెంచవలసిన తల్లి మనస్సు నాకు కొంచెము తెలియును. కావుననే ఆమె తరువాత చేసిన పనిని నేను తప్పుపట్టజాలను.

సోదరికి తెలిసినవారి మూలమున ఒక కబురు వచ్చినది. మోహన్ భవనాని యను దర్శకుడు తీయుచున్న చిత్రములో చిన్న వేషము కలదట. చదివిన యువతి కావలెనట. అవసరము వెనుకనుండి త్రోసినది, ఆమె ఒప్పుకొన్నది. ఆ చిత్రము పేరు "ఫరేబీ జాల్", అనగా మోసపు వల. పేరునకు తగినట్లే జరిగినది. ఆమె వేషము తెరమీద పది నిమిషములకు మించదు. తక్కిన కథ యేమో, ఎట్టిదో ఆమెకు తెలియదు. 1931లో చిత్రము వెలువడినప్పుడు గాని అది ఎంత చౌకబారుదో తెలిసిరాలేదు. ప్రకటనలలో మాత్రము ఫలాని సొలిసిటరుగారి కుమార్తె, ఫలాని ఖోటేవారి కోడలు అని ఇరువంకల ఇంటిపేరులును పెద్ద యక్షరములతో వేసిరి. పది నిమిషముల వేషమునకు రెండు వంశముల పరువు వెలగా పోయినది. బొంబాయి నగరమెల్ల నవ్వినది. బంధువులు మోము చాటు చేసిరి. పుట్టింటను మెట్టినింటను తలయెత్తుకొని తిరుగుటయే కష్టమైనది.

ఇంతటితో ఆమె యిల్లు చేరి తలుపు మూసికొనియుండిన, మనము ఆమె పేరైన విని యుండము. లోకము నవ్విన యా చిత్రమునే ఇంకొకరు చూచిరి. కొల్హాపురములో 1929లో స్థాపింపబడిన ప్రభాత్ ఫిలిం కంపెనీలోని వి. శాంతారాం హరిశ్చంద్ర కథను మాటలతో తీయ సంకల్పించియుండెను. నాసిరకపు చిత్రములో పది నిమిషములు కనబడిన యా స్త్రీ ముఖమున ఆయనకు రాణి కనబడినది. తారామతి వేషము వేయుమని ఆమెను కోరెను. ఒకమాఱు చేయి కాలినవారు నిప్పు దగ్గఱకు పోవుటకు జంకుదురు గదా, ఆమెయు జంకినది. కాని కథ హరిశ్చంద్రునిది. పిలిచినవారు పనియందు శ్రద్ధగలవారు. ఇంట అక్కఱ తీరలేదు. ఆమె కొల్హాపురమునకు పయనమయ్యెను.

అప్పటి పని నేటి పనివంటిది కాదు. ఒకరు పాడగా మఱియొకరు పెదవులు కదపు పద్ధతి మన దేశమున 1935లో గాని రాలేదు. నటించువారే పాడవలెను, ఆ పాట ఆ క్షణముననే యంత్రమునకు ఎక్కవలెను, తప్పిన మరల మొదలు. హరిశ్చంద్ర వేషధారి గోవిందరావు టెంబే హార్మోనియము వాయించుటలో దిట్ట, గంధర్వ నాటకమండలిలో మెలగినవాడు. ఈ చిత్రమునకు సంగీతము కూర్చినవాడును ఆయనయే. అంతటివాని సరసన పాడవలసి వచ్చినది ఇంటిలో కూనిరాగములు తీసినంతమాత్రపు ఇల్లాలు! పైగా చిత్రమును మరాఠీలో "అయోధ్యేచా రాజా" యనియు, హిందీలో "అయోధ్యా కా రాజా" యనియు రెండు భాషలందు తీసిరి. ఒకే దుఃఖమును రెండు భాషలలో రెండుమాఱులు ఏడ్వవలసి వచ్చినది.

1932 ఫిబ్రవరిలో మరాఠీ చిత్రము ప్రదర్శింపబడెను. మరాఠీ భాషలో వెలువడిన తొలి మాటల చిత్రము అదియే. నిన్న నవ్విన బొంబాయియే నేడు కన్నీరు తుడుచుకొన్నది. మన తొలి వాక్చిత్రమైన "ఆలం ఆరా" ప్రతి యొక్కటియు నేడు మిగులలేదు గాని, ఈ హరిశ్చంద్ర చిత్రము అదృష్టవశమున మిగిలినది. ఆ మధ్య మాయింటివారు దానిని సంపాదించి చూపిరి. బొమ్మ మసకబారినది, మాట గరగరలాడినది, నాకు మరాఠీ రాదు. అయినను కథ తెలిసినదే గనుక ఎక్కడను ఆగలేదు. నన్ను ఆకట్టుకొన్నది ఆమె యేడ్పు గాదు, నిలుకడ. మన నాటకములలో చంద్రమతి పద్యమునకొకమాఱు కూలబడుట చూచి యలవాటుపడిన కన్నులకు ఆమె వింతగా తోచినది. దాసియై పనిచేయుచున్నప్పుడును ఆ వెన్ను వంగలేదు. కలిగిన యింట పుట్టి, లేమిని చూచి, నలుగురి నోట బడిన యామెకు అది ఒకరు నేర్పవలసిన విద్య గాదని నాకు తోచినది. ఇది నా యూహ మాత్రమే సుమా. నటనాశాస్త్రము నేను చదువలేదు.

మన తెలుగువారికి తెరమీద చంద్రమతియైన కన్నాంబగారు 1935లో వచ్చిరి. ఆమె నాటకరంగమునుండి వచ్చిన గాయని. తెలుగుదేశమున స్త్రీవేషములనగా స్థానం నరసింహారావుగారి సత్యభామను తలచుకొను కాలమది. స్త్రీ వేషమును స్త్రీయే వేయవలెనా యను తగవు అన్ని భాషలలోను నడచినదే.

ఇక దుర్గాబాయికి వెనుకకు చూడవలసిన పని లేకపోయెను. అదే యేట "మాయా మచ్ఛీంద్ర"లో స్త్రీరాజ్యపు రాణియై చిరుతపులిని ప్రక్కన బెట్టుకొని కూర్చుండెను. కలకత్తాకు బోయి దేవకీ బోసు దర్శకత్వమున మీరాబాయి యయ్యెను. 1934లో సీత యయ్యెను. ఆ "సీత" చిత్రము ఇటలీదేశమందలి వెనిసు నగరపు చిత్రోత్సవమునకును పోయినది. ఆ దినములలో నటీనటులు ఒక కంపెనీకి నెలజీతముపై కట్టుబడి యుండువారు. ఈమె యట్లు కట్టుబడియుండక, తన కిష్టమైన చోట ఇష్టమైన వేషమును ఒప్పుకొనుచు తిరిగెను. 1936లో "అమరజ్యోతి"లో మగవారి దౌర్జన్యముపై కత్తి దూసిన సముద్రపు దొంగరాణి. మరుసటి యేట "సాథీ" యను చిత్రమునకు నిర్మాతయు దర్శకురాలును తానే. పది నిమిషముల వేషములో చుట్టునున్న కథ యేమో తెలియక మోసపోయిన యామె, ఆఱేండ్లకు కథ మొత్తమును తన చేతిలోనికి తీసికొన్నది.

1942లో "భరత్ మిలాప్"లో కైకేయి వేషము వేసినది. సీతగా కీర్తిగాంచిన నటి కైకేయిని ఒప్పుకొనుట నా కెంతయో నచ్చినది. రామాయణము చదువునప్పుడు కైకను తిట్టి పుట మరలించుట తేలిక. ఆమె లోపల దూరి చూచుట కష్టము. ఆ వేషమునకు వంగదేశపు చలనచిత్ర విమర్శకులు ఉత్తమనటి బహుమానము నిచ్చిరి. అంతకుముందు "చరణోంకీ దాసీ"కిని ఇచ్చియుండిరి.

ఇంతలో ఇంట ఏమి జరిగినది? వైధవ్యము చిన్నవయస్సుననే వచ్చినది. కుమారులను ఆమె సంపాదనయే పెంచినది. ఆ యిద్దఱిలో హరీన్ అను వాడును నిండు యౌవనమున తల్లిని విడిచిపోయెను. అతని భార్య విజయ, అత్తగారివలెనే చిన్న బిడ్డలతో మిగిలినది. తరువాత విజయా మెహతా యను పేర మరాఠీ నాటకరంగమున గొప్ప దర్శకురాలైనది ఆమెయే. ఒకే యింట అత్తాకోడండ్రు ఇరువురును రంగస్థలమున నిలిచి బ్రదికిరి. దుర్గాబాయియు మరాఠీ నాటకములను విడువలేదు. 1958లో సంగీత నాటక అకాడమీవారు, 1968లో పద్మశ్రీ బిరుదముతో ప్రభుత్వమువారు ఆమెను సన్మానించిరి. ముదిమిలో తన కథను "మీ, దుర్గా ఖోటే" యని మరాఠీలో తానే వ్రాసికొనెను. "నేను, దుర్గాఖోటేను" అని దాని యర్థము. ప్రకటనలలో తండ్రిపేరు, మామపేరు వేసి తన్ను అమ్మిన కాలమును ఆమె మఱువలేదేమో!

1983వ సంవత్సరపు దాదాసాహెబు ఫాల్కే బహుమానము ఆమెకు వచ్చినది. తారామతి వేషమునకు ఒక్క స్త్రీయైన దొరకక వంటశాల పిల్లవానికి చీర కట్టించిన ఆ ఫాల్కేగారి పేరిటనే! 1991 సెప్టెంబరు 22వ తేదీన ఆమె కన్ను మూసెను.

ఆ పాతచిత్రము చూచిన రాత్రి మా యత్తగారును మాతో కూర్చుండిరి. తారామతి కనబడగానే, ఈ ముఖము నెక్కడనో చూచితినే యని చాలసేపు తలపోసిరి. "మొఘల్-ఎ-ఆజమ్"లో కొడుకునకును మగనికిని నడుమ నలిగిన జోధాబాయి యని నేను చెప్పితిని. కాదు కాదు, "బాబీ"లోని అవ్వ యని ఆమె యనిరి. ఇరువురి మాటయు నిజమే. తరువాత లోహితాస్యుని పాము కఱచు ఘట్టము వచ్చినది. మా యత్తగారు కొంగుతో కన్నులొత్తుకొని, ఇక దీపము వేయకుడని చెప్పి తుదివఱకును కదలక కూర్చుండిరి.