లాంగ్‌దొక్ సీమలో సేంద్రియ తెల్ల ద్రాక్షాసవము

ఫ్రాన్సు దేశమునకు దక్షిణమున, మధ్యధరా సముద్రతీరము వెంబడి లాంగ్‌దొక్ అను సీమ గలదు. అచ్చటి ద్రాక్షరైతులలో పెక్కుమంది సహకార సంఘముల సభ్యులు. చౌక సరకునకు పేరుపడిన ఆ సీమ నేడు మేలైన తెల్ల ద్రాక్షాసవమునకు, అందును సేంద్రియ పద్ధతిని చేసినదానికి, పేరొందుచున్నది. మద్యపానమును పొగడుట మా యుద్దేశము గాదు. సరకు గుణము పెంచుటలో సంఘమునకు గల పాత్రను మన సభ్యుల దృష్టికి దెచ్చుటయే మేము కోరునది.

పందొమ్మిదవ శతాబ్దమున రైలుమార్గములు పడిన పిదప, ఈ సీమ ఉత్తరదేశపు కార్మికులకు చౌక ఎఱ్ఱ ద్రాక్షాసవమును పంపసాగెను. రైతులు గుట్టలను విడిచి పల్లపు నేలలలో అరమోన్ అను విరగగాచు రకమును నాటిరి. సరకు పెరిగెను, ధర పడెను. కల్తీ దానికి తోడయ్యెను. 1907లో లక్షలకొలది జనులు వీథులకెక్కిరి. నార్బొన్ పట్టణమున సైనికుల కాల్పులకు కొందఱు బలియైరి. చక్కెర, నీరు కలుపుటను అరికట్టు చట్టము ఆ యేడే వచ్చెను. అంతకుముందే, 1901లో, మారొసాన్ గ్రామపు రైతులు సంఘముగా నేర్పడి, దళారులతో పనిలేక పారిస్ నగరపు వినియోగదారుల సహకార సంఘములకు నేరుగా అమ్మనారంభించిరి.

సంఘములు రైతును నిలబెట్టినవి గాని సరకును బాగుచేయలేదని నిష్కర్షగా చెప్పవలసియున్నది. పండ్ల తూకమును, అందలి చక్కెర పాలును లెక్కించి సొమ్మిచ్చెడివారు. అందఱి పండ్లును ఒక్క తొట్టిలోనే పడెడివి. శ్రద్ధతో పండించినవానికి అదనముగా దక్కునది స్వల్పము. ఇక బరువు పెంచుకొనువాడే బుద్ధిమంతుడు గదా! పానము తగ్గి సరకు నిలువయై, ప్రభుత్వములు సొమ్మిచ్చి తీగలను పెరికించు కాలము వచ్చిన తరువాత గాని పద్ధతి మారలేదు. పిమ్మట మెలకువగల సంఘములు తోటలను విడివిడిగా పరీక్షించి, వేర్వేరు తొట్లలో రసము పోసి, గుణమును బట్టి ధర కట్టసాగినవి. తో అను ఉప్పునీటి సరస్సు చెంత పినె మొదలైన ఆరు గ్రామములలో పండు పిక్‌పూల్ తెల్లద్రాక్షకు 2013లో ప్రత్యేక ప్రాంతనామపు హక్కు లభించెను.

సేంద్రియ పద్ధతికి తొట్ల విభజన మఱింత ముఖ్యము. తోటను మార్చుటకు మూడేండ్లు పట్టును. అంతవరకు దిగుబడి తగ్గినను, కలుపుతీత ఖర్చు పెరిగినను, పండ్లను సేంద్రియమని అమ్మరాదు. ఆ మూడేండ్లు గడిపినవాని పండ్లను సంఘము ఇతరుల పండ్లతో కలిపివేసినచో అతని కష్టము గంగపాలే.

తెల్ల ద్రాక్షాసవమును చేయుట ఎఱ్ఱదానికంటె సున్నితమైన పని. ఎఱ్ఱదానికి తొక్కలనుండియు గింజలనుండియు దిగు వగరు రక్షణ నిచ్చును. తెల్లదానికి రసమును వెంటనే తొక్కనుండి వేఱుచేయుదురు గావున గాలి తగిలినంత రంగు మారును. దీని కందఱును వాడు మందు గంధకధూమము. 2012 పంటనుండి అమలైన యూరోపు నిబంధన ప్రకారము తీపిలేని సేంద్రియ తెల్ల ద్రాక్షాసవమున లీటరుకు 150 మిల్లీగ్రాములు మించరాదు. సాధారణమైనదానికి 200 వరకు చెల్లును. అందువలన చల్లని రాత్రివేళనే పండ్లు కోసి, కుళ్లినవి ఏరివేసి, తొట్లను చల్లగానుంచి, బొగ్గుపులుసు వాయువుతో గాలిని తఱుముదురు.

తోటలో సేంద్రియరైతునకు గల ముఖ్యాయుధములు గంధకపు పొడియు, మనమెఱిగిన బోర్డో మిశ్రమమును. మైలుతుత్తము, సున్నము కలిపిన ఆ మందును 1885లో మిల్లార్దె పండితుడు లోకమునకు వెల్లడించెను. సేంద్రియమనగా మందే వాడరని తలచువారు ఈ సంగతి గమనింతురు గాక. రాగి నేలలో పేరుకొని వానపాములకు హాని చేయును. కావున 2019 నుండి హెక్టారుకు ఏడేండ్లలో 28 కిలోగ్రాముల రాగి మించరాదని కట్టడి చేసిరి. లాంగ్‌దొక్‌లో వీచు పొడిగాలి ఆకు తడిని ఆర్పి బూజు తెగులును తగ్గించును. వానలు విడువని యేట మాత్రము ఆ కొలత చాలక రైతు తల్లడిల్లును.

ఇంత చేసినను కష్టము తీరలేదు. 2024లో ఫ్రాన్సు ప్రభుత్వము మరల హెక్టారుకు 4,000 యూరోల చొప్పున ఇచ్చి తీగలు పెరికించుటకు పూనుకొన్నది. ఎఱ్ఱదానికి గిరాకి తగ్గినంతగా తెల్లదానికి తగ్గలేదు గనుక, కొందఱు రైతులు తీగలను పెరుకక, పాత ఎఱ్ఱద్రాక్ష మోళ్లకే తెల్లరకపు అంట్లు కట్టుచున్నారు.