డీ డ్రైవ్‌లో ఏముందన్నా?

"అన్నా, డబ్బా లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు సప్పుడస్తుంది. టక్… టక్… టక్. నాలుగుసార్లు కొట్టి ఆగుతది, మళ్ల మొదలు."

మే నెల, మిట్టమధ్యాహ్నం, ఆదిలాబాద్ నుంచి ఫోన్. అవతల ఉన్నవాడు పదిహేనేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాడు, నాకు తమ్ముడి వరస. ముహూర్తాలు ముంచుకొస్తున్నాయి. పదకొండు శుభలేఖలు ప్రెస్సుకు పోవాలి.

"ఆపెయ్" అన్నాను. "వైరు పీకెయ్. ఏమైందో చూద్దామని మళ్లీ మళ్లీ ఆన్ చెయ్యకు. డీ డ్రైవ్‌లో ఏముంది?"

"అంతా అండ్లనే ఉందన్నా."

"మరి బ్యాకప్?"

"ఉందన్నా. రోజూ ఈ డ్రైవ్‌లకు కాపీ చేస్త."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెరమీద సీ, డీ, ఈ అని మూడు పేర్లు కనిపిస్తాయి గానీ డబ్బా లోపల ఉన్నది ఒక్కటే డిస్కు. ఒక్క ఇంటికి తడికలు కట్టి మూడు అర్రలు చేసుకున్నట్టు. ఇంటికి నిప్పంటుకుంటే నడిమి అర్రలో సామాను పక్క అర్రలోకి మార్చి ఏం లాభం? ఈ ముక్క చెబితే అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "నువ్వొస్తవా అన్నా?" అన్నాడు.

నేనుండేది కరీంనగర్. ఒకప్పుడు నాదీ ఇదే బతుకు. కలెక్టరేట్ దారిలో ఒక మేడమీద గది, రెండు సిస్టంలు, ఒక లేజర్ ప్రింటర్. డిస్కు దెబ్బ నాకు కొత్త కాదు. 2012 మొదట్లో 500 జీబీ డిస్కు కొన్నప్పుడు దుకాణంలో చెప్పిన ధర విని వెనక్కి తిరిగి వచ్చేద్దామనుకున్నాను. అంతకు ముందు ఏడాది చివర్లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి హార్డ్ డిస్కుల ఫ్యాక్టరీలు నీళ్లలో మునిగాయి. ప్రపంచమంతా ధరలు దాదాపు రెట్టింపయ్యాయి. బ్యాంకాక్ పక్కన నది పొంగితే మానేరు ఒడ్డున నా జేబుకు చిల్లు పడింది.

కొత్త డ్రైవ్ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఫోన్ చేశాను. ఉత్తర తెలంగాణ కంప్యూటర్ దుకాణాల సరుకులో పెద్ద వాటా అక్కడినుంచే వస్తుంది. సాయంత్రం ఆర్టీసీ కార్గోలో వేస్తే పొద్దునకు కరీంనగర్ బస్టాండులో పార్సిల్. రెండు వస్తువులు తెప్పించాను: 512 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి, 1 టీబీ మామూలు హార్డ్ డిస్కు ఒకటి. ఎస్ఎస్‌డీ 480 జీబీది ఇంకాస్త చవకగా వచ్చేది. కానీ పాత డిస్కు 500. ఉన్నదున్నట్టు అచ్చు దింపాలంటే కొత్తది పాతదానికంటే ఒక్క అంగుళం కూడా తక్కువ ఉండకూడదు. ఇరవై జీబీ దగ్గర కక్కుర్తి పడితే తర్వాత పార్టిషన్లు కోసుకుంటూ కూర్చోవాలి.

దుకాణంలో కుర్రాడు, "ఎన్‌వీఎంఈ తీసుకోండి సార్, మస్తు స్పీడ్" అన్నాడు. మూడు బీడీలు పక్కపక్కన పెట్టినంత ఉంటుందది. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు, అందుకే 2280 అంటారు. స్పీడు నిజమే. కానీ తమ్ముడి బోర్డు హెచ్61, 2011 కాలం నాటిది. అది దూరే ఎం.2 స్లాటే అందులో లేదు. స్లాటు ఉన్న కొత్త బోర్డుల్లోనూ ఒక మెలిక ఉంటుంది: కొన్నింటిలో ఎం.2 పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు మూగబోతాయి. కొత్తది పెట్టాక పాత డిస్కు కనబడకపోతే డిస్కు పోయిందని గుండె బాదుకోకుండా ముందు బోర్డు పుస్తకం తిరగెయ్యాలి.

నిర్మల్, నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ దాటి ఆదిలాబాద్ చేరేసరికి బస్సు కిటికీ చువ్వ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. షాపులో తమ్ముడు డబ్బాను టేబుల్ మీద పడుకోబెట్టి, పక్కన కూర్చుని ఉన్నాడు, ఆస్పత్రి మంచం పక్కన కూర్చున్నట్టు.

పక్క మూత తీశాం. లోపల బోర్డు కనబడలేదు. పత్తి. ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లుల సీజన్‌కు గాలిలో తేలే నూగు ఫ్యాన్లోంచి లోపలికి పోయి, హీట్‌సింక్ రెక్కల మధ్య పరుపులా పేరుకుంది. కరీంనగర్‌లో అయితే ఇదే చోట గ్రానైట్ పొడి ఉంటుంది, తెల్లగా, ముఖానికి రాసుకునే పౌడర్‌లా. గోదావరిఖని నుంచి వచ్చిన డబ్బాల్లో నల్లగా బొగ్గు చూశాను. మూత విప్పితే ఏ ఊరి సిస్టమో చెప్పెయ్యొచ్చు. బయటికి తీసుకుపోయి బ్లోయర్ పట్టాం, ఫ్యాను తిరగకుండా పెన్సిల్ అడ్డం పెట్టి. గాలి వేగానికి ఫ్యాను గిర్రున తిరిగితే దానికీ మంచిది కాదు, బోర్డుకీ మంచిది కాదు.

ఈ దుమ్ము డిస్కు లోపలికి పోయిందేమోనని తమ్ముడి అనుమానం. పోదు. డిస్కు మూత మీద చిన్న రంధ్రం, దాని పక్కనే "ఈ రంధ్రం మూయవద్దు" అని ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. గాలి ఒత్తిడి సర్దుకోవడానికి పెట్టిన ఆ దారికి వెనక వడపోత ఉంటుంది. లోపల నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లేల మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తులో రీడింగ్ హెడ్ తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. అంత సందులోకి సిగరెట్ పొగ రేణువు కూడా పట్టదు. హెడ్ తన చోటు వెతుక్కోలేక మొదటికొచ్చి మళ్లీ వెతకడమే ఆ టక్ టక్. "మూత విప్పి ముల్లు సరిచేస్తం" అనేవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. గ్రానైట్ పొడి ఎగిరే ఊళ్లో హార్డ్ డిస్కు మూత విప్పడమంటే కంట్లో ఆపరేషన్ కల్లం మీద చేసినట్టే.

పని మొదలుపెట్టే ముందు ఎస్ఎంపీఎస్ ఇనుప ఒంటిని ఒకసారి చేత్తో ముట్టాను. చలికాలం రాత్రుళ్లు దుప్పటి లాగితే చిటపటమంటుందే, ఆ కరెంటు చాలు చిప్పును చంపడానికి. పాత డిస్కు నాలుగు స్క్రూలు విప్పితే వచ్చేసింది. కొత్త ఎస్ఎస్‌డీ దానిలో సగం కూడా లేదు. ఆ గూట్లో అది నిలవదు, బ్రాకెట్ కావాలి. ఇక్కడే అందరూ చేసే తప్పు తమ్ముడూ చేయబోయాడు. పాత డిస్కు స్క్రూనే ఎస్ఎస్‌డీకి బిగించబోయాడు. పెద్ద డిస్కు స్క్రూకు మర దూరందూరంగా ఉంటుంది, ఎస్ఎస్‌డీకి సన్నమర స్క్రూ. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండు చుట్లు తిరిగి బిగుసుకుందంటే అది బలం చూపించాల్సిన చోటు కాదు, స్క్రూ మార్చాల్సిన చోటు.

సాటా కేబుల్ మూతి ఎల్ ఆకారంలో ఉంటుంది కాబట్టి తిరగేసి పెట్టలేం. పాతకాలం ఐడీఈ రోజులు గుర్తొచ్చాయి. నలభై పిన్నుల వెడల్పాటి పట్టీ కేబుల్, వెనక జంపర్ తీసి ఒక డిస్కును మాస్టర్, ఒకదాన్ని స్లేవ్ చేయడం, రెండూ మాస్టరైతే రెండూ పనిచేయకపోవడం. 2003 నుంచి సాటా వచ్చి ఆ గోల తీర్చింది. తమ్ముడి దగ్గర పవర్ కేబుల్ ఒకటి తక్కువైతే, మోలెక్స్ నుంచి సాటాకు మార్చే చవక ముక్క డ్రాయర్‌లోంచి తీశాడు. పారేయమన్నాను. ప్లాస్టిక్ పోతపోసిన ఆ కనెక్టర్లలో తీగలు లోపల ఒకదానికొకటి తగిలి కాలిపోతాయి. డేటా కాపాడుకోవడానికి వచ్చి షాపు కాల్చుకోవడమెందుకు?

బిగించడానికి పట్టింది ఇరవై నిమిషాలు. అసలు పని ఆ తర్వాత మొదలైంది.

"కొత్తదాంట్ల విండోస్ వేస్తే అయిపోతది కదన్నా?" అన్నాడు. అతని షాపు సంగతి అతనికే గుర్తులేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానికి జోడీగా అను ఫాంట్లు, ఆపిల్ కీబోర్డు. ముస్లింల పెళ్లి రుక్కాలకు ఉర్దూ ఇన్‌పేజ్. మహారాష్ట్ర సరిహద్దు కాబట్టి మరాఠీకి శ్రీలిపి. ఇవన్నీ విండోస్ 7 మీద ఒకదానితో ఒకటి సర్దుకుని కాపురం చేస్తున్నాయి. సీడీలు ఎక్కడున్నాయో తెలియదు. అను ఫాంటు లేని సిస్టంలో ఆ ఫైలు తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు కలిసి తాండవమాడతాయి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. అయినా మన శుభలేఖ ఇంకా ఈ మారువేషంలోనే తిరుగుతోంది. ఆదిలాబాద్ జిల్లాలోనే నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది, కానీ ఆ జిల్లా కేంద్రంలో నడిచే పేజ్‌మేకర్‌కు ఆ వార్త అందే దారి లేదు.

అందుకే కొత్తగా వేయడం కాదు, క్లోన్ చేయాలి. చావుబతుకుల్లో ఉన్న డిస్కుకు మామూలు క్లోన్ సాఫ్ట్‌వేర్ పనికిరాదు. చెడిన చోట తల బాదుకుంటూ ఉన్న కాస్త ప్రాణం తీస్తుంది. చెక్‌డిస్క్ కొట్టడం అంతకంటే ఘోరం. పెన్‌డ్రైవ్‌లోంచి లైనక్స్ ఎక్కించి డీడీరెస్క్యూ నడిపాను. దాని తీరు అనుభవమున్న రైతు తీరు: ముందు మెత్తటి నేలంతా దున్నేస్తుంది, రాళ్లున్న చోట్లు గుర్తు పెట్టుకుని చివర్లో వస్తుంది. ఆదేశంలో మొదటి పేరు పాత డిస్కు, రెండోది కొత్తది. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండుదాని మీద కూర్చుంటుంది. ఎంటర్ కొట్టే ముందు సీరియల్ నంబర్లు మూడుసార్లు చదివాను, తమ్ముడి చేత గట్టిగా చదివించాను కూడా.

సెకనుకు వంద ఎంబీ లెక్కన 500 జీబీకి గంటన్నర చాలు. పట్టింది ఆరున్నర గంటలు. పాత డిస్కు వేడెక్కకుండా టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి మేం చెమటలో కూర్చున్నాం. మధ్యలో కరెంటు పోయింది, యూపీఎస్ కాపాడింది. ఆ రాత్రి పొద్దుపోక లెక్క వేశాం. 1956లో ఐబీఎం చేసిన మొదటి హార్డ్ డిస్కు, 24 అంగుళాల పళ్లేలు యాభై, బరువు టన్ను దాకా. పట్టేది 50 లక్షల అక్షరాలు. శుభలేఖకు వెయ్యి అక్షరాలనుకుంటే ఐదు వేల లేఖలు. "మా షాపుకు అది సరిపోతది గానీ, షాపే దానికి సరిపోదు" అన్నాడు తమ్ముడు.

తెల్లవారుజామున అయిపోయింది. పాత డిస్కు వైర్లు పీకి, ఎస్ఎస్‌డీ ఒక్కదానితోనే మొదటిసారి ఆన్ చేశాను. కవలలు ఇద్దరూ ఒకేసారి ఎదురైతే విండోస్ తికమకపడుతుంది. బయోస్‌లో డిస్కు మోడ్ ఐడీఈ అని ఉంటే అట్లాగే వదిలేశాను. పాత విండోస్ కదా, ఏహెచ్‌సీఐకి మారిస్తే నీలితెర పలకరిస్తుంది. మూడు నిమిషాలు పట్టే సిస్టం ఇరవై సెకన్లలో తెరుచుకుంది. పాత బోర్డు కాబట్టి ఎస్ఎస్‌డీ పూర్తి వేగం రాదు. కానీ ముల్లు తిరిగి చోటు వెతుక్కునే పని లేదు, తేడా అంతా అక్కడే.

డీ డ్రైవ్ తెరిచాం. 2016 అక్టోబర్ 11 వరకు ఇక్కడంతా ఆదిలాబాద్, కరీంనగర్ అని రెండు జిల్లాలే. ఆ రోజు నుంచి నిర్మల్ వేరు, మంచిర్యాల వేరు, ఆసిఫాబాద్ వేరు, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వేరు. ఆ ఫోల్డర్లలో మాత్రం ఆసిఫాబాద్ బడి లెటర్‌హెడ్ మీద ఇంకా 'జిల్లా: ఆదిలాబాద్' అనే ఉంది. రెండు ఫైళ్లు తెరుచుకోలేదు. ఒకటి 2014 నాటి ఎన్నికల ఫ్లెక్సీ. రెండోది ఒక పెళ్లి కార్డు. ఆ జంటకు ఇప్పుడు ఇద్దరు పిల్లలట.

ఇక 1 టీబీ డిస్కు. కొత్తది పెట్టగానే విండోస్ 'ఇనిషియలైజ్ చేయమంటావా' అని అడుగుతుంది, ఎంబీఆరా జీపీటీయా అని కూడా. 2 టీబీ దాటితే జీపీటీ తప్పదు, లోపు ఏదైనా నడుస్తుంది. కొత్త డిస్కుకు ఓకే కొట్టొచ్చు. అదే ప్రశ్న పాత, నిండిన డిస్కు గురించి అడిగితే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. నేను ఒకసారి తీసుకోలేదు. నిద్రమత్తులో ఓకే కొట్టి, రెండు రోజులు టెస్ట్‌డిస్క్ పెట్టి పార్టిషన్లు వెతుక్కున్నాను.

"బ్యాకప్‌కు గూడ ఎస్ఎస్‌డీనే కొనకపోయినవా?" అని తమ్ముడి సందేహం. బీరువాలో పెట్టి మరిచిపోయే వస్తువు కాదది. ఎస్ఎస్‌డీ అక్షరాలను కరెంటు చుక్కలుగా దాచుకుంటుంది, కరెంటు లేకుండా ఏళ్లు గడిస్తే అవి కారిపోతాయి, వేడికి ఇంకా తొందరగా. రాతల పరిమితి అయిపోయిన ఎస్ఎస్‌డీ కూడా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలపాలన్నది పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం. ఆదిలాబాద్ మే నెలలో 30 డిగ్రీలు తెల్లవారుజామున ఉంటే గొప్ప. దాచుకోవడానికి ఇనుప డిస్కే నయం, అదీ వారానికోసారి పెట్టి, కాపీ చేసి, తీసి ఇంటికి పట్టుకుపోయేటట్టయితే. విండోస్ 7కు 2020 జనవరిలోనే మద్దతు ఆగింది కాబట్టి ఆ సిస్టంకు నెట్ వైరు కూడా పీకించాను. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలకు వేరే లాప్‌టాప్ ఉంది.

పాత డిస్కును పాతసామాన్లవాడికి వేద్దామన్నాడు. వద్దన్నాను. పదిహేనేళ్లలో జిరాక్సుకొచ్చిన ప్రతి ఆధార్ కార్డూ, పట్టాదారు పుస్తకమూ స్కాన్ అయి అందులోనే ఉన్నాయి. ఒక నెల ఆగి, కొత్తది సరిగా నడుస్తోందని తేలాక, నక్షత్రం తలకాయ స్క్రూడ్రైవర్‌తో తనే మూత విప్పి, పళ్లేలు వంచి ఫొటో పంపాడు. లోపలి అయస్కాంతాలు రెండు మాత్రం దాచుకున్నాడు. వేలు ఇరుక్కుంటే రక్తం కారేంత పట్టు వాటిది.

మొన్న మళ్లీ వెళ్లినప్పుడు చూశాను. షాపులో ఇనుప బీరువా మీద ఒక అయస్కాంతం కింద ఆ రోజు నేను తెచ్చిన కార్గో చీటీ ఇంకా ఉంది. దాని వెనక పెన్నుతో రాసుకున్నాడు: 'శుక్రవారం – బ్యాకప్ – ఈ డ్రైవ్ కాదు.'