బతుకమ్మకు నోటిపాట



మా సిద్దిపేట జిల్లా రాయపోలులో భాద్రపద బహుళ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో ఆరంభమై సద్దుల బతుకమ్మతో ముగియు తొమ్మిదినాళ్లును పూలపండువయే. తంగేడు, గునుగు, బంతి, చేమంతి పూలను వరుసలుగా పేర్చి, శిఖరమున పసుపుగౌరమ్మను నిలిపి, వీథికూడలిలో నుంచి, చుట్టును చప్పట్లు చరచుచు తిరుగుదుము. ఆఱవనాడు మాత్రము అమ్మ యలిగినదని బతుకమ్మను పేర్చరు. కడపటి రేయి అమ్మను నీటిలో సాగనంపి, సద్దులు పంచుకొని యిండ్లకు మరలుదుము. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపండువగా ప్రకటించినది.

ఈ యాటకు పాటయే నాయకురాలు. ఒకామె చరణ మెత్తుకొనును. తక్కినవారు ‘ఉయ్యాలో’ యని యందుకొందురు. ఎత్తుకొనునామె వలయమును చూచుచు పాడును. వృద్ధురాలి యడుగు తడబడినచో పాటను సాగదీయును. బాలికలు వేడుకపడినచో త్వరపఱచును. నిరుడు మా వీథిలో డీజే పెట్టిరి. మా అత్తగారు రెండుమార్లు తిరిగి, ఊపిరందక, అరుగుపై కూర్చుండిరి. ఆ పెట్టె ఆమెకొఱ కాగలేదు. ఆమెతోపాటు ఆమె పాటలును అరుగెక్కినవని మాకు తోచినది.

ఇట్టి మార్పు మన కొక్కరికే రాలేదు. ఫిలిప్పీను దీవులలోని సెబూ నగరమున, జనవరి మూడవ ఆదివారమున, బాలయేసునకు ‘సినులోగ్’ అను నృత్యోత్సవము జరుగును. 1521లో మెగెల్లను ఆ బాలమూర్తిని అచ్చటి రాణి కిచ్చెను. రెండడుగులు ముందునకు, ఒకటి వెనుకకు వేయుట యా నృత్యపు రీతి. 1980 నుండి అది పోటీలతో, బహుమానములతో గొప్ప యూరేగింపైనది. అయినను కోవెల ముంగిట క్రొవ్వొత్తు లమ్ము స్త్రీలు, భక్తుల పక్షమున, క్రొవ్వొత్తులు చేతబట్టి ఆ పాత యడుగులతోనే ప్రార్థింతురు. ఉత్సవ మెంత పెరిగినను ఆ స్త్రీలు తమ చోటు విడువలేదు.

మనమును విడువరాదు. ఈ యేడు ప్రతిసాయంకాలమును తొలిపాటను పెద్దలచే ఎత్తింపుడు. ఆ తరువాతనే పెట్టె మ్రోగనిండు. బాలికలచే పాటలు వ్రాయింపుడు. మేమును అత్తగారిని పాట చెప్పుడని యడిగితిమి. కూర్చుండి చెప్పబోగా రెండవ చరణము గుర్తునకు రాలేదు. లేచి, తులసికోట చుట్టును చప్పట్లు చరచుచు నడచిరి. పాట యంతయు వచ్చినది.