సింకు కుడితి తొట్టి కాదు

మన అమ్మమ్మల నాటి ఇళ్ళలో వంటింటి వెనుక పెరడు, పెరటిలో ఒక కుడితి తొట్టి ఉండేవి. బియ్యము కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, గిన్నె అడుగున మిగిలిన మెతుకులు అన్నీ ఆ తొట్టిలోకే పోయేవి. సాయంత్రము గేదె వచ్చి మూతి ముంచి తాగేది. తొట్టిలో పోసినది మరునాడు పాలై ఇంటికి తిరిగి వచ్చేది. పారవేయడమనే పని ఆ వంటింట్లో చాలా తక్కువ.

తరువాత ఊళ్ళు పట్నాలైనవి. బెంగుళూరైనా, చెన్నపట్నమైనా, బరంపురమైనా, షోలాపురమైనా పెరళ్ళు పోయి వాటాలు, వాటాలు పోయి మేడ మీద మేడలు వచ్చినవి. గేదె వెళ్ళిపోయినది. దానితోపాటు తొట్టీ వెళ్ళిపోయినది. ఆ చోట సింకు వచ్చి కూర్చున్నది. కాని మన చేతి అలవాటు మాత్రము మారలేదు. తొట్టిలో పోసినవన్నీ ఇప్పుడు సింకులో పోస్తున్నాము. తొట్టి దగ్గర ఆకలిగొన్న గేదె ఉండేది. సింకు కింద ఉన్నది ఒకటి రెండంగుళాల గొట్టము మాత్రమే. ఈ తేడాను గురించి వంటిల్లు చూసుకొనే వారందరితోనూ ఈ నెల నాలుగు మాటలు చెప్పదలచినాము.

సింకు కింద గొట్టము వంపు తిరిగి ఉండడము అందరూ చూసే ఉంటారు. ఆ వంపులో ఎప్పుడూ కొంచెము నీరు నిలిచి ఉంటుంది. మురుగు వాసన, బొద్దింకలు ఇంట్లోకి రాకుండా ఆ నీరే తలుపు వేసినట్లు కాపాడుతుంది. వంపు పెట్టినది మన మేలుకే. అయితే బరువైనది ఏది పడినా మొదట ఆగేదీ అక్కడే. అక్కడ ఆగనిది గోడ వెంట దిగి, వాకిట్లో మూతవేసిన గుంతకు చేరి, అక్కడి నుండి వీధి మురుగు కాలువకో సెప్టిక్ టాంకుకో పోతుంది. కంటికి కనబడకుండా పోయినంత మాత్రాన పోయినట్లు కాదు.

పోయకూడని వాటిలో మొదటిది నూనె, నెయ్యి. వేడిగా ఉన్నప్పుడు ఇవి నీళ్ళలాగే జారిపోతవి. చలికాలము డబ్బాలో నెయ్యి, వనస్పతి ఎట్లా పేరుకొంటవో చల్లని గొట్టములోనూ అట్లాగే పేరుకొంటవి. పేరుకోని వేరుసెనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె అయినా మేలు కాదు. నూనె మురుగులో నానిన కొద్దీ విరిగి, నీటిలోనూ సిమెంటులోనూ ఉండే సున్నపు అంశముతో కలిసి గట్టి సబ్బువంటి పదార్థముగా మారుతుంది. అది నీళ్ళకు కరగదు. వేడినీళ్ళు, సబ్బు కలిపి పోస్తే పోతుంది గదా అని కొందరంటారు. అది మన గొట్టము వదిలి ముందుకు జరుగుతుంది, అంతే. చల్లారిన చోట మళ్ళీ అంటుకొంటుంది.

ఇది మన వంటలకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. 2017లో లండను నగరములోని వైట్‌చాపెల్ అనే పేటలో వీధి కింది మురుగు కాలువలో ఒక కొవ్వు గడ్డ బయటపడినది. దాని పొడవు సుమారు 250 మీటర్లు, బరువు సుమారు 130 టన్నులు. వంటింటి కొవ్వులు, తుడిచి పారవేసిన తడి గుడ్డలు కలిసి అట్లా తయారైనది. దానిని తవ్వి తీయడానికి వారాలు పట్టినవి. అందులో ఒక ముక్కను 2018లో అక్కడి మ్యూజియములో ప్రదర్శనకు కూడా పెట్టినారు. ఎవరింట్లో వారు పోసినది కొద్దికొద్దే. కలిసేసరికి అంత అయినది.

అందుచేత గారెలు, బూరెలు వేసిన మూకుడును చల్లారనిచ్చి, మిగిలిన నూనెను సీసాలో వంచి, అడుగును పాత కాగితముతో తుడిచిన తరువాతనే కడగవలెను. తుడిచిన కాగితము చెత్తబుట్టలో వేయవచ్చును. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్ చేయించే ఏర్పాటును భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో మొదలుపెట్టినది. అట్లా సేకరించేవారు మీ ఊళ్ళో ఉంటే సీసా నిండగానే వారికి ఇవ్వండి. లేకుంటే రంపపు పొట్టులోనో బూడిదలోనో ఇంకించి చెత్తలో వేయండి. ఇక ఆవకాయ జాడీ సంగతి. అడుగున మిగిలిన నూనె, ఆవపిండి కడిగి సింకులో పోయడముకంటె, వేడి అన్నము వేసి జాడీలోనే కలిపి పిల్లలకు ముద్దలు పెట్టడము మన పెద్దల పద్ధతి. రుచి సంగతి అటుంచి, గొట్టానికి కూడా అంతకంటె మంచి ఉపాయము లేదు.

రెండవది పిండి జాతి. అన్నపు మెతుకులు నీళ్ళలో నాని ఉబ్బి ఒకదానికొకటి అంటుకొంటవి. మైదా, గోధుమపిండి, ఇడ్లీ పిండి, పెసరట్టు పిండి అన్నీ అంతే. మైదా ఉడికించి గోడకు కాగితాలు అంటిస్తాము గదా! అదే మైదా గొట్టములో ఏమి చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. చిక్కని గంజి చల్లారితే ముద్ద కడుతుంది. నూనె ముందే అంటుకొని ఉన్న చోట ఈ పిండి చేరితే కొవ్వు మీద జిగురు పూసినట్లే. షోలాపురములో మగ్గము పట్టి తరాలు గడిపిన పద్మశాలి కుటుంబాలకు గంజి విలువ మేము చెప్పనక్కరలేదు. పడుగుకు బలమిచ్చినది ఆ గంజే. మిగిలినవారు కూడా నూలు చీరెలకు పెట్టవచ్చును, పల్చన చేసి ఉప్పు వేసుకొని తాగవచ్చును, పశువులున్న వారికి ఇవ్వవచ్చును. బియ్యము, పప్పు కడిగిన నీళ్ళు మొక్కలకు మంచివి. పుల్లమజ్జిగ కరివేపాకు చెట్టుకు పోయడము మనకు కొత్త కాదు.

మూడవది కరగని పిప్పి. కాఫీ పొడి పిప్పి, టీ ఆకు నీటిలో కరగక ఇసుకలాగా వంపులో దిగుతవి. చింతపండు పిప్పిలో ఈనెలు, గింజలు ఉంటవి. మునక్కాడ పీచు, ఆకుకూర కాడలు, కొబ్బరి పీచు తాళ్ళలాగా చుట్టుకొని, వచ్చినదానినల్లా పట్టి ఆపుతవి. గుడ్డు పెంకులు కరగవు. యానాములో గోదావరి వరదకు పులస వచ్చినప్పుడు చేప శుభ్రము చేయని ఇల్లు తక్కువ. ఆ పొలుసులు గొట్టపు గోడకు అంటుకొంటే ఒక పట్టాన ఊడవు. చేపను పళ్ళెములో కాగితము పరచుకొని శుభ్రము చేసి, ఆ కాగితమును అట్లాగే చుట్టి తీసివేయడము మేలు. చింతపండు పిప్పితో ముందు ఇత్తడి తోమి, తరువాత బుట్టలో వేయండి. కాఫీ పిప్పి కొద్దికొద్దిగా మొక్కల మట్టిలో కలపవచ్చును.

ఇంతవరకు చెప్పినది గొట్టము సంగతి. అసలు సంగతి ఇంకొకటి ఉన్నది. గొట్టము పూడితే మనము మనిషిని పిలుస్తాము. వీధి కాలువ పూడితే మరొక మనిషి రావలె. కాలువలోనూ టాంకులోనూ కుళ్ళిన పదార్థము నుండి విషవాయువులు పుడతవి. లోపల దిగినవాడు రెండు ఊపిరులకే పడిపోవచ్చును. అతనిని లాగబోయి దిగిన రెండవవాడూ పడిపోతాడు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు కాలువలో, సెప్టిక్ టాంకులో దింపడము 2013 నాటి చట్టము ప్రకారము నేరము. అట్లా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2014లో చెప్పినది. 2023 అక్టోబరులో ఆ మొత్తమును 30 లక్షలు చేసినది. చట్టము వచ్చినా చావులు ఆగలేదు కనుకనే కోర్టు మళ్ళీ చెప్పవలసివచ్చినది.

2014 తీర్పుకు దారితీసిన వ్యాజ్యము వేసినది సఫాయి కర్మచారి ఆందోళన్. ఆ ఉద్యమమును నిర్మించిన వారిలో ముఖ్యులు బెజవాడ విల్సన్ గారు కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊళ్ళో, పారిశుద్ధ్యపు పని చేసే ఇంట పుట్టినవారు. 2016లో వారికి రామన్ మెగసెసే బహుమానము వచ్చినది. బెంగుళూరులోనూ చెన్నపట్నములోనూ వీధులు శుభ్రము చేసే పనివారిలో తెలుగు ఇంటిభాషగా గలవారు ఎందరో ఉన్నారు. వారూ మనలాగే తరాల కిందట పొట్ట చేతబట్టుకొని వచ్చినవారే. మనము సింకులో పోసిన నూనె గడ్డను తీయడానికి దిగేది ఆ చేతులే కావచ్చును. భాషాభిమానము సభలలో ఎంత చెప్పుకొన్నా, ఈ చిన్న పనిలో వారిని తలచుకోకపోతే ఆ అభిమానము కొరతే గదా!

చేయవలసినది పెద్ద పనేమీ కాదు. సింకు నోటికి సన్నని చిల్లుల జల్లెడ ఒకటి వేసి, పూటపూటా దులపవలెను. పక్కన మూత ఉన్న గిన్నె ఒకటి పెట్టుకొని, కంచాలను కడగకముందే అందులోకి తుడవవలెను. తడి చెత్త, పొడి చెత్త విడిగా ఇవ్వవలెనని 2016 నాటి నిబంధనలే చెప్పినవి. ఆ గిన్నెలోనిది తడి చెత్తలోకి పోతుంది. చోటు ఉన్నవారు చిల్లులు గల కుండలో ఎండుటాకులు, తొక్కలు పొరలు పొరలుగా వేస్తే కొన్ని నెలలకు మంచి ఎరువు అవుతుంది.

ఒకవేళ గొట్టము పూడినదనుకోండి. ముందు రబ్బరు గిన్నె ఉన్న కర్రతో నొక్కి చూడండి. కదలకపోతే కింద బకెట్టు పెట్టి వంపు మరలు విప్పి కడగవచ్చును. సలసల మరిగే నీళ్ళు పోయకండి, ప్లాస్టిక్ గొట్టములు మెత్తబడతవి. కాస్టిక్ సోడాకు నీరు తగిలితే వేడి పుట్టి చిందుతుంది. చర్మము మీద, కంట్లో పడితే ప్రమాదము. యాసిడ్, బ్లీచింగు ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపరాదు, క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి ఆడదు. పైగా అట్లా పోసినది గొట్టములో నిలిచి ఉంటే, తరువాత వచ్చి మూత విప్పే పనివాని చేతుల మీద పడుతుంది. పోసి ఉంటే ఆ మాట అతనికి ముందుగానే చెప్పవలెను.

ఇంటి సంగతి ఇట్లా ఉండగా, మన సంఘముల ఉగాది విందులు, వనభోజనాలు, పెళ్ళి పందిళ్ళు కూడా ఉన్నవి. వందల విస్తళ్ళు లేచిన తరువాత గుండిగలు కడిగే చోట ఏమి పోస్తున్నారో చూసేవారు తక్కువ. వచ్చే ఉగాదికి వంటవారిని కుదుర్చుకొనేటప్పుడు నూనె డబ్బా ఒకటి, మెతుకుల బుట్ట ఒకటి విడిగా పెట్టవలెనని ముందే మాట తీసుకోవలసినదిగా సంఘ కార్యదర్శులను కోరుతున్నాము.