అన్వేషణ వేరు, తవ్వకం వేరు - పొరల శిలల్లో నికెల్, రాగి, ప్లాటినం

గ్రామ పొలిమేరలో డ్రిల్లింగ్ యంత్రం కనిపించగానే గని వచ్చినదని కొందరు సంతోషించడం, భూములు పోయినవని మరికొందరు ఆందోళన చెందడం సహజం. అయితే ఖనిజ అన్వేషణకు, తవ్వకానికి మధ్య ఎంతో దూరం ఉన్నది. నికెల్, రాగి, ప్లాటినం వర్గపు లోహాల విషయంలో ఈ దూరం మరింత ఎక్కువ.

స్టెయిన్‌లెస్ స్టీలుకు, బ్యాటరీలకు నికెల్, విద్యుత్ తీగలకు రాగి, వాహనాల పొగలోని విషవాయువుల నివారణకు ప్లాటినం, పెల్లాడియం అవసరం. 2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో ఇవన్నీ చోటుచేసుకున్నాయి. 2025 జనవరిలో జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

భూమి లోతుల నుండి ఉబికిన శిలాద్రవం పైకి చేరక, భూగర్భంలోనే నిలిచి నెమ్మదిగా చల్లారినపుడు బరువైన స్ఫటికాలు అడుగుకు చేరి పొరలు పొరలుగా శిలలు ఏర్పడతాయి. శిలాద్రవంలో గంధకం మోతాదు మించినపుడు సల్ఫైడు బిందువులు దానిలో కలవక విడిపోతాయి. అవి చుట్టూ ఉన్న నికెల్, రాగి, ప్లాటినంలను తమలోనికి గ్రహించి ఒకచోట పేరుకుంటాయి. దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్ శిలాసముదాయం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అక్కడ 1924లో గుర్తించిన మెరెన్‌స్కీ రీఫ్ అనే పలుచని పొర వందల కిలోమీటర్ల పొడవున విస్తరించి ఉన్నది. అంతటి పొరలో సైతం టన్ను రాతికి లభించే ప్లాటినం వర్గపు లోహాలు కొద్ది గ్రాములు మాత్రమే.

మన రాష్ట్రంలో కొండపల్లి కొండలలో ఇట్టి పొరల శిలలు, వాటిలో క్రోమైట్ ఖనిజం ఉన్నాయి. కాగా తీవ్రమైన ఉష్ణోగ్రత, పీడనాల వలన అక్కడి పొరలు ముడతలుపడి, ముక్కలైనందున వాటి జాడ తీయడం సులభం కాదు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో లభించే బ్లాక్ గెలాక్సీ రాయి సైతం శిలాద్రవం భూగర్భంలో చల్లారగా ఏర్పడినదే. అందులోని రాగిరంగు మెరుపులు లోహం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజానివి. మెరిసే రాతిలో లోహం ఉండకపోవచ్చు. ప్లాటినం ఉన్న రాయి కంటికి సాధారణంగానే కనిపించవచ్చు. అందువలన ప్రయోగశాల పరీక్షలే ప్రమాణం.

అన్వేషణ నాలుగు దశలలో సాగుతుంది. స్థూల సర్వే (జి-4)లో శిలల పటాలు తయారుచేసి, వాగుల మట్టిని పరీక్షిస్తారు. అయస్కాంత, విద్యుదయస్కాంత సర్వేలు నేల లోపలి సల్ఫైడుల సూచనలు ఇస్తాయి. ఆశాజనకంగా ఉన్నచోట ప్రాథమిక (జి-3), సాధారణ (జి-2), సమగ్ర (జి-1) దశలలో బోర్లు వేసి, కడ్డీల వంటి రాతి నమూనాలను వెలికితీస్తారు. దశ దశకూ బోర్ల మధ్య దూరం తగ్గి, లెక్క ఖచ్చితమవుతుంది. అత్యధిక ప్రాంతాలు తొలి దశలలోనే వడపోతకు గురవుతాయి.

గనులు, ఖనిజాల (అభివృద్ధి, నియంత్రణ) చట్టానికి 2023లో చేసిన సవరణ ద్వారా నికెల్, రాగి, ప్లాటినం వర్గపు లోహాలు సహా 29 ఖనిజాలకు అన్వేషణ లైసెన్సు విధానం ఏర్పడినది. ఈ లైసెన్సు తవ్వకానికి హక్కు కాదు. గని లీజుకు వేరుగా వేలం జరగవలసినదే. అనుమతి పొందినవారి పనుల వలన భూమి అనుభవదారులకు నష్టం వాటిల్లినచో పరిహారం చెల్లించవలసి ఉంటుందని 1957 నాటి ఈ చట్టంలోని 24-ఎ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

కనుక తమ పొలంలో సర్వే బృందం ప్రవేశించినపుడు రైతులు అనుమతి పత్రాన్ని, పని ఏ దశలో ఉన్నదన్న విషయాన్ని అడిగి తెలుసుకోవడం మంచిది. ఒక్క బోరును చూసి భూమిని తక్కువ ధరకు అమ్ముకోవడం గాని, గని వస్తుందన్న ఆశతో అప్పులు చేయడం గాని తగదు.