అటక దిగిన తంబుర
తీగ బిగిస్తే తాతయ్య తత్వాలు.. కన్నడ అక్షరాల్లో తెలుగు పాట

చింతామణి, బాగేపల్లి: పాత పంచె చుట్టి అటక మీద పెట్టి ఉంటుంది. పండగకు బూజు దులిపేటప్పుడు ఎవరో ఒకరు కిందికి దించుతారు. ముసుగు తీసి చూస్తే ఒక తీగ తెగి ఉంటుంది, ఒక బిరడా కదలనంటుంది. 'ఇదింకెందుకు' అనుకుంటూనే మళ్లీ చుట్టి పైకి ఎక్కిస్తారు. పారేయడానికి మాత్రం చేతులు రావు. చిక్కబళ్లాపుర జిల్లా పల్లెల్లో తాతల నాటి తంబురలు కొన్ని ఇలాగే కాలం వెళ్లదీస్తున్నాయి.

వాటిని దించే పెద్దాయన కూడా ఊరికొకరైనా ఉంటారు. పాతికేళ్ల వయసులో భజన గుంపులో తంబుర పట్టిన మనిషి. ఆ తర్వాత బెంగళూరులో కొలువు, పిల్లల చదువులు, పెళ్లిళ్లు. అరవై దాటి ఊరికొచ్చాక పొద్దు పోదు. బేజారై ఓ మధ్యాహ్నం అటక మీదికి చేయి చాస్తారు.

అక్కడి నుంచి వారం రోజులు ఇల్లంతా అదే పని. తుప్పు పట్టిన తీగలు తీసేయాలి. దండి మీద, కుండ మీద పేరుకున్న దుమ్ము మెత్తటి గుడ్డతో తుడవాలి. బిరడా జారిపోతుంటే కాస్త సుద్దపొడి రాయాలి. నాలుగు తీగల్లో మొదటిది పంచమం, నడుమ రెండు షడ్జాలు, చివరిది మంద్ర షడ్జం. మంద్రానికి సాధారణంగా ఇత్తడి తీగ, మిగతా వాటికి ఉక్కు తీగలు వేస్తారు.

ఇంత చేశాక మీటితే వచ్చేది టింగు టింగుమనే శబ్దమే. అసలు కిటుకు గుర్రం దగ్గర ఉంది. తీగకూ గుర్రానికీ మధ్య సన్నటి నూలుపోగు ఒకటి పెడతారు. దాన్ని జీవాళి అంటారు. దాన్ని వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ మీటుతూ పోతే ఒకచోట తీగ ఉన్నట్టుండి జుమ్మంటుంది. ఒక్క తీగలోంచే పది స్వరాలు పలుకుతున్నట్టుంటుంది. ముప్పై ఏళ్ల కింద విన్న చప్పుడు అదే. పెద్దాయన కళ్లు మూసుకుంటారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోతుంది.

తీగ పలికింది కానీ గొంతు పలకొద్దూ! అప్పట్లో రెండున్నర శ్రుతిలో పాడిన గొంతు ఇప్పుడు ఒకటికి దిగి ఉంటుంది. పాత శ్రుతికే బిగిస్తే చరణం ఎత్తగానే దగ్గు వస్తుంది. నాలుగు తీగలూ సడలించి మళ్లీ మొదటి నుంచి కలుపుకోవాలి. ఈ సంగతి ఒప్పుకోవడానికి కొందరికి రెండు మూడు రోజులు పడుతుంది.

గిటారు మీటరు.. తాత చెవి

సెలవులకు వచ్చిన మనవడి భుజాన గిటారు ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు. వాడి ఫోనులో శ్రుతి చూపించే మీటరూ ఉంటుంది. తాతకు ఒకటో శ్రుతి అంటే వాడికి 'సి', రెండో శ్రుతి అంటే 'డి'. ఇద్దరూ అరుగు మీద కూర్చుంటే ఫోను పెట్టి తీగలు కలపడం పది నిమిషాల పని. అయితే జీవాళి ఎక్కడ ఆగాలో ఫోను చెప్పదు. అది చెవికే తెలియాలి. గిటారుకు మెట్లున్నాయి, ఆరు తీగల మీద వేళ్లు పరుగెత్తాలి. తంబురకు మెట్లే లేవు. వాయించేవాడు చేసేదల్లా ఒక్కో తీగను తాకి వదలడమే. చూసేవాళ్లకు ఇదేం వాయించడం అనిపిస్తుంది. అరగంట పాటు నడక చెదరకుండా మీటి చూస్తే అప్పుడు తెలుస్తుంది. ఏకతారి అయితే ఇంకా తేలిక. సొరకాయ బుర్ర, వెదురు దండి, ఒకే ఒక తీగ. రెండో చేతికి చిడతలు.

తంబుర అటకెక్కడానికి శ్రుతిపెట్టె ఒక కారణం. బెంగళూరు ఇంజనీరు, వేణువు వాయించే జి.రాజ్ నారాయణ్ తయారు చేసిన రాడెల్ ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చాక బస్సులో తంబుర మోసుకెళ్లే అవస్థ తప్పింది. ఇప్పుడు ఫోనులోనే తంబుర మోగుతోంది. పెట్టెను తప్పు పట్టలేం. కిక్కిరిసిన బస్సులో ఆ కుండను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లకే ఆ బాధ తెలుసు. కాకపోతే పెట్టె మీట నొక్కితే మోగుతుంది, దాంతో మనిషికి పనిలేదు.

అక్షరం ఒకటి.. మాట ఒకటి

ఇక్కడ తంబుర చుట్టూ ఉన్నది ఒక్క సంగీతమే కాదు. చింతామణి తాలూకా కైవారంలో నారాయణ యోగి ఉన్నారు. జనం కైవారం తాతయ్య అంటారు. 1726లో పుట్టి 110 ఏళ్లు బతికి 1836లో సమాధి అయ్యారని భక్తుల నమ్మకం. గాజులమ్ముకునే మనిషి యోగి అయ్యాడని, గురువు నోట్లో పెట్టుకోమన్న గులకరాయి కలకండగా మారిందని కథ చెబుతారు. కైవారంలోని అమరనారాయణ స్వామి పేరును ముద్రగా పెట్టి ఆయన చెప్పిన తత్వాల్లో తెలుగువి ఎన్నో. కన్నడంలోనూ చెప్పారు. కాలజ్ఞానమూ ఉంది.

విశేషమేమంటే ఈ తెలుగు తత్వాలు ఇక్కడ కన్నడ లిపిలో అచ్చవుతాయి. 2007లో కోలారు నుంచి విడిపోయి ఏర్పడిన ఈ జిల్లాలో బాగేపల్లి సంతకు వెళ్తే బేరమంతా తెలుగులోనే. బడిలో మాత్రం కన్నడ అక్షరాలు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవడం రానివాళ్లు ఇక్కడ కొల్లలు. వాళ్లకు ఆ పుస్తకమే ఆధారం. అక్షరాలు గడగడా చదివేస్తారు. కానీ పాతమాట ఎక్కడ విరగాలో, ఏది సాగదీయాలో పుస్తకంలో ఉండదు. పక్కన తంబుర పట్టుకున్న మనిషి పాడి చూపిస్తేనే తెలుస్తుంది. అటక మీద తంబుర ఉన్నన్నాళ్లూ ఆ పాఠం కూడా అటక మీదే ఉన్నట్టు.

శిడ్లఘట్ట తాలూకా పిండిపాపనహళ్లికి చెందిన తమటె కళాకారుడు మునివెంకటప్పకు 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు జిల్లా అంతా సంబరపడింది. తమటె మోగితే ఊరంతా వింటుంది. తంబురకు ఆ యోగం లేదు. ఎప్పుడూ పాటగాడి వెనకే. అది ఆగిపోతే తప్ప ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు.

ఏటా గురుపౌర్ణమికి కైవారం మఠంలో మూడు రోజులు సంగీతోత్సవం జరుగుతుంది. 72 గంటలు పాట ఆగదు. పేరున్న విద్వాంసులతోపాటు పల్లె భజన బృందాలూ వస్తాయి. తంబురను అటక దించిన పెద్దాయనకు మైకు ముందు కూర్చోవాలన్న ఆశ ఉండదు. గుంపులో ఓ మూల చోటు దొరికితే చాలు.

ఇబ్బందల్లా గురుపౌర్ణమి ఆషాఢంలో రావడమే. చెమ్మకు చెక్క ఉబ్బి బిరడాలు బిగుసుకుపోతాయి, తిప్పితే కిర్రుమంటాయి. అందుకే నాలుగు రోజుల ముందు నుంచే పొద్దున లేవగానే ఒక్కో బిరడా తిప్పి చూసుకుంటారు. చేతి సంచిలో సుద్దముక్క, ఒక సెట్టు తీగలు, జీవాళికి నూలుపోగు. ఇత్తడి తీగ మాత్రం రెండు.